బల్ల మీది రొట్టె, నా పగ

నేను ఒక గుండ్రటి అల్యూమినియం ఓవెన్‌ని. మూతలో అరచేయంత అద్దం, పక్కన నల్ల ప్లగ్గు, కింద మూడు పొట్టి కాళ్లు. చివరికి కాయిలు మాడిపోయి, ప్రస్తుతం నరసాపురంలో ఒక పాత సామాన్ల కొట్లో, రెక్కలు లేని ఫ్యానుకీ సొట్టపడ్డ ఇడ్లీ పాత్రకీ మధ్య ఇరుక్కుని ఉన్నాను. ఇక్కడి సామాన్లన్నీ తమ పాత యజమానుల మంచితనం తలుచుకుని కాలక్షేపం చేస్తుంటాయి. నాకా అలవాటు లేదు. మేలు చేసినవాళ్లను గుర్తుపెట్టుకుంటాను, కీడు చేసినవాళ్లను ఇంకా బాగా గుర్తుపెట్టుకుంటాను. నా కథ వినదలుచుకుంటే ఈ సంగతి ముందే తెలుసుకోండి.

నేను పుట్టింది హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో. నాకు కాయిలు చుట్టినవాడికి సగం చుట్టేసరికి టీ వేళయింది. ఎడమవైపు శ్రద్ధగా, దగ్గర దగ్గరగా చుట్టాడు. టీ తాగొచ్చి కుడివైపు ఏదో చుట్టాననిపించాడు. అందుకే నా ఎడమపక్క అత్తగారు, కుడిపక్క మామగారు. ఒకవైపు మాడ్చేస్తాను, రెండోవైపు చూసీ చూడనట్టు వదిలేస్తాను. వేడి తగ్గించే మర గానీ పెంచే మర గానీ నాకు లేదు. ప్లగ్గు పెడితే కాలుతాను, తీస్తే చల్లారతాను.

నన్ను మొదట కొన్నది నరసాపురంలో ఒక బ్యాంకు ఆఫీసరు గారి భార్య. కొడుకు పుట్టినరోజుకు కేకు చేసింది. బాగానే వచ్చింది. రెండోది మాడింది, మూడోది విరిగింది, నాలుగోదానికి నన్ను అటక మీదికెక్కించింది. మూడేళ్లు అక్కడ బొద్దింకలకు కాపురం పెట్టించాను. ఆ తర్వాత ఆవిడ నన్ను దింపి, తడిగుడ్డతో తుడిచి, సంఘానికి కానుకగా ఇచ్చేసింది. ఇంట్లో పనికిరానిదాన్ని దేవుడికిచ్చి పుణ్యం కట్టుకోవడం మనుషులకు మొదటినుంచీ ఉన్నదే.

ఆ సంఘం గోదావరి గట్టు దగ్గర చాలా చిన్నది. నిండా నలభైమంది ఉండరు. గుడి అంటూ వేరే లేదు. సంఘ పెద్ద జెకర్యా గారి ఇంటి ముందరి హాల్లోనే ఆరాధన. ప్రతి ఆదివారం ప్రభువు బల్ల మీద ఒకే ఒక్క రొట్టె పెడతారు. జెకర్యా గారు ప్రార్థన చేసి దాన్ని రెండుగా విరుస్తారు. పళ్ళెం వరస వెంబడి సాగుతుంది, ఒక్కొక్కరూ ఒక ముక్క తుంచుకుంటారు. ఆ రొట్టెను బజార్లో కొనరు. సంఘంలోని ఒక సహోదరి శనివారం నాడు ఇంట్లో, తన చేత్తో కలిపి కాల్చాలి. ఆ సహోదరి తబితమ్మ.

తబితమ్మ లేసు అల్లుకుని బతికే మనిషి. భర్తది రేవు దాటించే పంటు మీద పని. పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్న దగ్గర్నుంచి ఆమె ఒక్క ఆదివారం కూడా బల్ల తప్పలేదు. పురుడొచ్చిన మూడో రోజున కూడా బిడ్డనెత్తుకుని వచ్చిందట. ఆమెకున్న గొప్ప ఏదైనా ఉంటే అదొక్కటే.

నా గుణం ఆమె రెండు శనివారాల్లో కనిపెట్టేసింది. నన్ను తిట్టలేదు, బాగుచేయించనూ లేదు. రొట్టె సగం కాలగానే మూత తీసి, గిన్నెను అటుది ఇటు తిప్పేది. అత్తగారి దగ్గరున్నది మామగారి దగ్గరికి వచ్చేది, అంతే. ఇంకో చిక్కు కరెంటు. రైసు మిల్లులు ఆడే శనివారం కరెంటు నీరసంగా ఉంటుంది, మిల్లులు ఆగిన శనివారం రెచ్చిపోతుంది. అందుకని ఆమె ముందుగా నిమ్మకాయంత ముద్ద ఒకటి నాలో పెట్టి, పాట పాడుకుంటూ కూర్చునేది. ఎన్ని చరణాలకు ఆ ముద్ద ఎర్రబడిందో చూసుకుని, పెద్ద రొట్టె ఎంతసేపుంచాలో లెక్కగట్టేది. ఆ చిన్న ముద్దను పక్కింటి పిల్లలు తినేవాళ్లు. పిండి సంఘానిది కాబట్టి, ఆ ముద్దకు సరిపడా గుప్పెడు మైదా తన డబ్బాలోంచి తీసి ముందే కలిపేది. అలా తొమ్మిదేళ్లు.

ఆమె రొట్టె విరిస్తే లోపల దూదిలా ఉండేది. ఆరాధన అయ్యాక మిగిలిన ముక్కల కోసం ముసలాళ్లు కూడా చెయ్యి చాపేవాళ్లు. "తబితమ్మ చేతిలో ఏదో ఉందండీ" అనేవాళ్లు. ఆ మాట విన్న ప్రతిసారీ ముఖం ముడుచుకున్న మనిషి ఒకరున్నారు. జెకర్యా గారి భార్య పెర్సీసమ్మ. హాలు తమది, బల్ల తమది, పళ్ళెం తమది. పేరు మాత్రం లేసు అల్లుకునేదానిది. అది ఆవిడకు మింగుడు పడలేదు.

ఒక శనివారం పెర్సీసమ్మ తబితమ్మ ఇంటికి వచ్చింది. తబితమ్మ తన డబ్బాలోంచి గుప్పెడు పిండి తీయడం కళ్లారా చూసింది. "ఏంటే, అంత పట్టింపా నీకు?" అని నవ్వింది కూడా. పిల్లలు ముద్ద తినడమూ చూసింది. మర్నాడు ఆరాధన అయ్యాక భర్త చేత సంఘమంతటి ముందూ అడిగించింది, బల్లకు కలిపిన పిండి పక్కింటి పిల్లలకు పెడుతున్నమాట నిజమేనా అని.

"నిజమేనండి. కానీ ఆ గుప్పెడూ నాదేనండి. అమ్మగారు చూశారు" అంది తబితమ్మ.

జెకర్యా గారు భార్య వైపు తిరిగారు. పెర్సీసమ్మ ముసుగు సర్దుకుని, "నేనేం చూడలేదండి" అంది.

రెండే రెండు మాటలు. తబితమ్మను దొంగ కింద లెక్కగట్టి బల్ల నుంచి తొలగించారు. సంఘానికి రావచ్చు, వెనక వరసలో కూర్చోవచ్చు, పాటలు పాడవచ్చు. పళ్ళెం మాత్రం ఆమెను దాటి వెళ్లిపోతుంది. ఆ సాయంత్రమే నన్ను రిక్షాలో పెర్సీసమ్మ వంటింటికి చేర్చారు. ఆ వంటింటి కిటికీ సరిగ్గా హాల్లోకి ఉంటుంది. దానికి నేను ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

చెప్పొద్దూ, నేను కాల్చేది క్షమాపణ రొట్టె. ఒకరినొకరు క్షమించుకుని తినాల్సిన రొట్టె. కానీ నాకు క్షమించడం ఎవరూ నేర్పలేదు. నాకు తెలిసింది కాల్చడం ఒక్కటే.

మొదటి శనివారం పెర్సీసమ్మ గిన్నె నాలో పెట్టి, మూత వేసి, హాల్లోకి పోయి కూర్చుంది. ఎడమపక్క బొగ్గు చేశాను. కుడిపక్క తెల్లగా వదిలాను. నడుమ పచ్చి పిండి దాచిపెట్టాను. ఆదివారం జెకర్యా గారు కళ్లు మూసుకుని, భక్తిగా రొట్టె విరవబోతే బొటనవేలు లోపలికి దిగబడిపోయింది. తీస్తే సాగింది. ఆయన ఆ వేలితోనే ప్రార్థన ముగించారు.

బల్ల మీది రొట్టెకు వంక పెట్టకూడదు. అది పాపం. పారేయనూ కూడదు. కాబట్టి నలభైమందీ తేలు కుట్టిన దొంగల్లా నోరు మూసుకుని, ఆ బంకను నమిలి మింగారు. కిటికీలోంచి చూస్తూ ఎంత ఆనందించానో మీకు చెప్పలేను. రెండో వారానికి జనం ముక్కలు మరీ చిన్నవి తుంచుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ తీసుకోకపోతే మిగిలినదంతా సంఘ పెద్ద ఇంటివాళ్లే తినాలి, అది పద్ధతి. అలా ఆదివారం మధ్యాహ్నం ఆ మొగుడూ పెళ్లాలు ఎదురెదురుగా కూర్చుని, అరగని రొట్టె అరగదీసేవాళ్లు.

"వాము ఉందా?" అనేవారు జెకర్యా గారు.

మూడో శనివారం ఆవిడకు నా మీద కోపం వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "దిక్కుమాలిన ఓవెనూ!" అంటూ పచ్చడిబండ తీసి నా మూత మీద ఒక్కటిచ్చింది. అద్దం పగల్లేదు గానీ మూత లోతుగా సొట్టపోయింది. ఆ రోజు నుంచి నా పగకు తబితమ్మ ఒక్కతే కారణం కాదు.

నాలుగో వారం ఒక ముసలావిడ ఉండబట్టలేక, "చిన్న ముద్ద ముందు కాల్చి చూసుకుంటే తెలిసిపోద్దమ్మా, వేడెంతుందో" అని పెర్సీసమ్మ చెవిలో చెప్పింది. పెర్సీసమ్మ ముఖం పాలిపోయింది. ఆ ముద్దనే కదా తను నలుగురిలో దొంగతనమంది! ఇప్పుడు తను వేస్తే అదేమవుతుంది? వేయలేదు. నేను మాడుస్తూనే ఉన్నాను. పది ఆదివారాలు అలా గడిచాయి. పది ఆదివారాలూ పళ్ళెం తబితమ్మను దాటి వెళ్లింది. ఆమె తలవంచుకుని, పాటకు పెదవులు కదిపేది. గొంతు మాత్రం వినిపించేది కాదు.

పదకొండో ఆదివారం పాలకొల్లు నుంచి అమృతయ్య గారనే పెద్ద బోధకుడు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన వేలు పిండిలో దిగబడితే ఆ సంగతి చుట్టుపక్కల సంఘాలన్నింటికీ పాకిపోతుంది. శనివారం మధ్యాహ్నం జెకర్యా గారిని పని మీద ఎక్కడికో పంపేసి, పెర్సీసమ్మ పెరటి దారిన తబితమ్మను వెంటబెట్టుకొచ్చింది.

"ఈ ఒక్కసారికి చేసిపెట్టవే. ఎవరికీ చెప్పమాకు. నీ పుణ్యముంటది" అంది.

వద్దని చెప్పు తబితమ్మా, వద్దని చెప్పు అని నేను లోపల్లోపల కుతకుతలాడాను. ఆమె నా దగ్గరికొచ్చి, మూత మీది సొట్ట తడిమి చూసింది. "ఎవరు కొట్టారండి దీన్ని?" అంది. పెర్సీసమ్మ పచ్చడిబండను కాలితో పక్కకు జరిపింది. తబితమ్మ చేతులు కడుక్కుని పిండి ముందు కూర్చుంది.

"ముద్ద వేసి చూడాలండి. వెయ్యమంటారా?"

పెర్సీసమ్మ కిటికీలోకి చూస్తూ, "వెయ్యి" అంది.

"అయితే ఆ గుప్పెడూ మీ డబ్బాలోంచి మీరే తీసియ్యండి. నేను చూస్తాను."

పెర్సీసమ్మ డబ్బా మూత తీసి, గుప్పెడు పిండి తెచ్చి పోసింది. తబితమ్మ కళ్లార్పకుండా చూసింది. నాకు ఒళ్లు జిల్లుమంది. ఆ పూట నేను మనసు పెట్టి పనిచేశాను. ఆమె గిన్నె తిప్పేదాకా మాడ్చకుండా ఆగాను, తీసిన వేళకు చల్లారాను. అంత మంచి రొట్టె ఆ తొమ్మిదేళ్లలోనూ కాల్చలేదు.

మర్నాడు అమృతయ్య గారు ముక్క నోట్లో వేసుకుని, "ఏ సహోదరి చేతి పనండీ ఇది?" అని అడిగారు.

"మా ఇంట్లో చేసిందేనండి" అన్నారు జెకర్యా గారు, పాపం, నిజమనుకునే.

పళ్ళెం తిరిగింది. అందరూ పెద్ద పెద్ద ముక్కలే తుంచుకున్నారు. వెనక వరస దగ్గరికి వచ్చి, తబితమ్మను దాటి, మళ్లీ ముందుకు వచ్చేసింది. అప్పుడు ఆమె లేచి నిలబడింది. ఆ సంఘంలో ఆడవాళ్లు ఆరాధనలో నోరెత్తకూడదు. తప్పు ఒప్పుకోవడానికీ తప్పు క్షమించడానికీ తప్ప.

"ఒక తప్పు ఒప్పుకోవాలండి" అంది తబితమ్మ. "ఆ రొట్టె నేను చేశానండి. అమ్మగారు రమ్మంటే వచ్చి, వీళ్ల వంటింట్లోనే చేశాను. దొంగనని నన్ను బల్ల నుంచి తీసేశారు. దొంగ చేతి రొట్టె మీ అందరిచేతా తినిపించాను. క్షమించండి."

నమిలేవాళ్లు నమలడం ఆపేశారు. మింగడమా, ఉమ్మడమా? ఉమ్మకూడదు. బల్ల మీది రొట్టె.

"నేను దొంగనైతే మీరంతా తిన్నది దొంగ రొట్టేనండి" అంది మళ్లీ. "కాకపోతే ఆ ముక్క అమ్మగారే చెప్పాలి. ఆ రోజు చూశారో లేదో."

అమృతయ్య గారు పెర్సీసమ్మ వైపు చూశారు. జెకర్యా గారు చూశారు. నలభైమందీ బుగ్గల్లో రొట్టెతో చూశారు. పెర్సీసమ్మ చాప వంక చూస్తూ, "చూశానండి" అంది.

ఆ పూటే తబితమ్మకు పళ్ళెం అందింది. ఆమెకు ముక్క తుంచుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఆ ఒక్క సంగతి తలుచుకున్నప్పుడే నాలో వేడి కాస్త మెత్తబడుతుంది. నన్ను రిక్షాలో మళ్లీ తబితమ్మ ఇంటికి చేర్చారు. అబద్ధమాడినందుకు పెర్సీసమ్మను బల్ల నుంచి తొలగించి వెనక కూర్చోబెట్టారు. నొచ్చుకున్న మనిషి నలుగురిలో లేచి, "నా మనసులో ఏమీ లేదు" అని చెబితేనే మళ్లీ చేర్చుకుంటారు.

ప్రతి ఆదివారం జెకర్యా గారు, "ఎవరైనా మాట చెప్పేవాళ్లున్నారా?" అని అడిగేవారట. తబితమ్మ పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చునేదట. ఆమె ఇంటికి వచ్చాక భర్తతో చెబుతుంటే విని, నేను పండగ చేసుకునేదాన్ని. ఎంత మెత్తని రొట్టె చేసే చేతులు! ఎంత గట్టి మనిషి!

పదకొండు ఆదివారాలయ్యాక, శనివారం మధ్యాహ్నం పెర్సీసమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. మనిషి చిక్కిపోయింది.

"నిన్ను పదకొండు వారాలు కూర్చోబెట్టాను తబితా. నేనూ పదకొండు కూర్చున్నాను. రేపు లేస్తావా?"

తబితమ్మ పిండి పిసకడం ఆపలేదు. "రేపు లేవనండి."

"ఇంకా ఏముందే నీ మనసులో?"

"నా మనసులో ఏం లేదండి. నావి పదకొండూ అయిపోయాయి." పిండి చేత్తోనే నా వైపు చూపించింది. "దాన్ని బండతో కొట్టారు కదా. రేపటిది దానిదండి."

పెర్సీసమ్మ నా వైపు చూసింది. పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. నాలో రొట్టె కాలేదాకా అలాగే కూర్చుంది. ఆ పన్నెండో ఆదివారం పళ్ళెం ఆవిడను దాటి వెళ్లింది. పదమూడో ఆదివారం తబితమ్మ లేచి నిలబడింది.

నేను మాత్రం ఇంకా లేవలేదు.