నిమ్మళం

మూడో కత్తి నూరుతుండగా హనుమండ్లుకు మళ్ళీ పొత్తికడుపులో పట్టేసింది. కత్తిని రాతి మీదే వదిలి, అరచేతులు మోకాళ్ళకు ఆనించి, పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. నొప్పి నడుము దగ్గర మొదలై తొడల సందు దాకా దిగింది. అక్కడ కాసేపు ఆగి, తొందరేమీ లేనట్టు మళ్ళీ పైకెక్కింది. కాస్త తగ్గాక భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని, కత్తి అంచును బొటనవేలి గోటి మీద ఆనించి చూశాడు. ఇంకా పదునెక్కలేదు. మళ్ళీ నూరడం మొదలుపెట్టాడు.

పశువుల దవాఖానలో అతని ఉద్యోగం పేరు అటెండరు. నిజాం జమానాలో చేరాడు. పోలీసు యాక్షన్ అయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి ఆరేళ్ళు గడిచాయి, గుమ్మం మీది బోర్డు ఉర్దూలోంచి తెలుగులోకి మారింది. అతని పని మాత్రం అదే పని. పశువును మోకు వేసి పడగొట్టాలి, కదలకుండా పట్టాలి, వెదురు గొట్టంతో మందు పోయాలి, చచ్చిన వాటిని కోసి డాక్టరుకు చూపించాలి. చదువు రాదు. కానీ ఎద్దు డొక్కకు చెవి ఆనించి, లోపల పెద్దపొట్ట ఎన్నిసార్లు తిరిగిందో వేళ్ళు మడిచి చెప్పేవాడు. డాక్టరు చెవిలో గొట్టం పెట్టుకుని, గడియారం చూసి చెప్పేదానికీ దానికీ తేడా ఒకటో అరో. మూతి మీది చెమ్మ చూసి జ్వరం చెప్పేవాడు, గడ్డిని వాసన చూసి వదిలేసే తీరును బట్టి కడుపులో సంగతి చెప్పేవాడు. ఇదంతా ఒక విద్య అని అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ అనుకోలేదు.

కత్తులు తీసుకుని పాక వైపు నడుస్తూ దారిలో కట్టేసి ఉన్న గేదె ముందు కుడితి బకెట్టు పెట్టాడు. నాలుగు రోజులుగా అతని చేతి కుడితే తాగుతున్న గేదె అది. ఈ పొద్దు అతను వంగగానే ముక్కుపుటాలు విప్పి, అతని ముఖం దగ్గరి గాలి పీల్చి, తాడు బిగిసేదాకా వెనక్కి జరిగింది. హనుమండ్లు నిలబడి చూశాడు. లోపల ఉచ్చ విషమైన పశువు నోటి వాసన తోటి పశువుకు ముందుగా తెలుస్తుందని కొత్తవాళ్ళకు చెప్పేది తనే. బకెట్టును కాలితో గేదె ముందుకు తోసి వెళ్ళిపోయాడు.

పాకలో తాటాకుల మీద అంతయ్య ఎద్దు పడి ఉంది. రాత్రి చచ్చింది, తెల్లవారేసరికి బండి మీద తెచ్చి దించారు.

దాని కథ ఐదు రోజుల కిందట మొదలైంది. పక్క ఊరి రైతు అంతయ్య వచ్చి, ఎద్దు రెండు రోజులుగా వెనక కాలితో పొట్ట తన్నుకుంటోందని, ఉచ్చ చుక్క చుక్కగా పడి ఆగిపోయిందని చెప్పాడు. రాయి అడ్డం పడింది, కోసి తీయాలన్నాడు డాక్టరు జలపతిరావు. కోత మాట వినగానే అంతయ్య రేపు తోలుకొస్తానని లేచాడు. మర్నాడు ఒక్కడే వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ఎద్దుకు నిమ్మళమైందట.

కరీంనగర్ పల్లెల్లో నిమ్మళం అనే మాట చెయ్యని పని లేదు. జ్వరం దిగితే నిమ్మళం, అప్పుడే కన్న తల్లి కన్ను మూసి నిద్రపోతే నిమ్మళం, అత్తవారింటి నుంచి వచ్చిన బిడ్డను గడపలో అడిగేదీ నిమ్మళమేనా అనే. ఆ మాట వినపడితే ఇక రెండో ప్రశ్న ఉండదు. హనుమండ్లు ఒక్కడే రెండో ప్రశ్న అడిగేవాడు. ఆ రోజూ అడిగాడు.

"ఉచ్చ పోసిందా అంతయ్యా? నేల తడిసిందా?"

నేల సంగతి తెలియదు గాని తన్నుకోవడం మానిందని, తోక దించి నిమ్మళంగా నిలబడిందని అంతయ్య చెప్పాడు.

"గది నిమ్మళం గాదు. లోపట ఉచ్చసంచి పలిగింది."

అంతయ్య నమ్మలేదు. ఇరవై ఏళ్ళలో అలా చెబితే నమ్మినవాళ్ళను హనుమండ్లు ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టగలడు. బాధ పోయిందని కళ్ళముందు కనిపిస్తుంటే చావు వచ్చిందంటే ఎవరు నమ్ముతారు? ఎద్దు మూడు రోజులు నిలబడి, మేత ముట్టక, నాలుగో రాత్రి కూలిపోయింది.

తన సంగతికొస్తే, ఏడాదిగా ఉచ్చలో ఇసుక పడుతోంది. భార్య లస్మవ్వ పల్లేరుకాయల కషాయం కాచి ఇచ్చేది, అతను తాగేవాడు, ఎవరికీ చెప్పేవాడు కాదు. రెండు రోజులుగా చుక్కలే. నిన్న సాయంత్రం గోడకు నుదురు ఆనించి చాలాసేపు నిలబడి ఉండగా జలపతిరావు చూశాడు. ఎన్ని దినాల సంది అని అడిగి, లోపలికి తీసుకెళ్ళి కరీంనగర్‌లో కోసే డాక్టరుకు చీటీ రాసి జేబులో పెట్టాడు. రేపు ఒంటిగంట బస్సు తప్పితే బతుకుండదని ముఖం మీదే చెప్పాడు. హనుమండ్లు తల ఊపాడు. ఎన్ని వందల పశువుల తల ఒడిలో పెట్టుకుని, కోయనియ్యి, బతుకుతది అని వాటి యజమానులకు ధైర్యం చెప్పాడో లెక్క లేదు. ఇప్పుడు కత్తి తన మీదికి వస్తోంది. కత్తి కింద పశువు కన్ను ఎలా తిరుగుతుందో అతనికి తెలుసు. అంత తెలిసినవాడికి ఉండే భయం తెలియనివాడికి ఉండదు.

ఎనిమిదిన్నరకు పాఠం మొదలైంది. పశువైద్యంలో చిన్న పనులు నేర్చుకోవడానికి చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చిన ఎనిమిది మంది ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. వారం నుంచి డాక్టరు వాళ్ళకు పుస్తకంలోంచి జీర్ణకోశం, మూత్రపిండాలు, కన్ను, ముక్కు చెబుతున్నాడు. ఈ రోజు కళ్ళారా చూడాలి. హనుమండ్లు కోస్తుంటే ఆయన కర్రతో చూపిస్తూ పోయాడు.

పెద్దపొట్ట కోయగానే నమలని వరిగడ్డి బయటపడింది. తేనెతుట్టె లాంటి గడులున్న రెండోది, పొరలు పొరలుగా పుస్తకంలా విప్పుకునే మూడోది, చివరికి మన కడుపులా పులిసిన వాసన కొట్టే నాలుగోది. డాక్టరు ఒక్కోదాని పేరు రెండు భాషల్లో చెప్పాడు. తర్వాత సీతాఫలంలా గడ్డలు గడ్డలుగా ఉండే మూత్రపిండాలను హనుమండ్లు బయటికి తీశాడు. ఉబ్బి, రంగు వెలిసి ఉన్నాయి. ఆ వెనకే పొట్టలోంచి నీళ్ళు జారి తాటాకుల మీద పారాయి. ఘాటుకు ఇద్దరు బయటికి నడిచి కాసేపటికి తిరిగొచ్చారు. సంచిని వెతికి, అడుగున చిరిగిన చోట వేలు దూర్చి అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టాడు. నాళం వంపు తిరిగే చోట చీల్చితే జొన్నగింజంత రాయి దొరికింది. ఎనిమిది మందీ దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. చివరికి డాక్టరు కన్ను కోసి, లోపలి నీలాకుపచ్చ పొరను ఎండకు తిప్పాడు. చచ్చిన ఎద్దు కన్ను వాళ్ళ వైపు తళుక్కుమంది.

బోథ్ నుంచి వచ్చిన కొండల్ అనే అతను, పెళ్ళయి ఇద్దరు పిల్లల తండ్రి, మాటకు వెనకాడడు. అతనికి ఒకటే అర్థం కాలేదు.

"కాకా, నొప్పి పోయింది గద. మరెట్ల సచ్చింది?"

డాక్టరు చెప్పబోయి హనుమండ్లు వైపు చూశాడు, నువ్వే చెప్పు అన్నట్టు. హనుమండ్లు చేతిలోని సంచిని కింద పెట్టాడు. సంచి బిగిసి ఉన్నంతసేపే నొప్పి అన్నాడు. పగిలితే బిగువు పోతుంది, బాధ పోతుంది, కానీ ఉచ్చంతా పొట్టలోకి, పొట్టలోంచి నెత్తురులోకి వెళ్తుంది. ముక్కుకు మేత వాసన తెలియదు, కంటి చూపు మసకవుతుంది, మగత కమ్ముతుంది.

"గందుకే రైతు నిమ్మళమైందంటె ఖుషీ గావద్దు. ముందుగాల నేల జూడుండ్రి, తడిసిందా లేదా అని."

ఎనిమిది మందీ రాసుకున్నారు. పాఠం ముగిసింది. అవతలి ఊరిలో గొర్రెలకు జబ్బు తగిలిందని జీపు వస్తే జలపతిరావు ఎక్కుతూ, బస్సు తప్పించుకోవద్దని హనుమండ్లుకు మరోసారి చెప్పి వెళ్ళాడు.

మిగిలిన కళేబరాన్ని గోతిలో పూడ్చి, కత్తులు కడిగి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుండగా నొప్పి మళ్ళీ వచ్చింది. ఇంత గట్టిగా ఎప్పుడూ రాలేదు. తొట్టి అంచు పట్టుకుని వంగిపోయాడు. చూపు ఆనలేదు. అలా ఎంతసేపున్నాడో, ఉన్నట్టుండి లోపల ఏదో సడలింది. వెచ్చగా పొట్టంతా పాకింది. నొప్పి పోయింది.

అతను కదలకుండా మళ్ళీ వస్తుందని ఎదురు చూశాడు. రాలేదు. మెల్లగా నిటారుగా లేచాడు. చెమట మీద గాలి తగిలి ఎంతో హాయిగా అనిపించింది. ఏడాదిగా ఒంటి మీద కూర్చున్న బరువు దిగిపోయింది. ఏడుపొచ్చింది. గంట కిందట ఆ చిరిగిన సంచిలో తన వేలే దూర్చిన మాట వాస్తవం. అయినా తెలిసి ఉండటం ఒకటి, నొప్పి లేకపోవడం ఇంకొకటి. రాయి జారిపోయి ఉంటుందనుకున్నాడు. కషాయం పనిచేసి ఉంటుందనుకున్నాడు. పాక వెనక్కి వెళ్ళి ఉచ్చ పడుతుందేమో చూసుకుందామన్న ఆలోచన ఒకసారి వచ్చింది. వెళ్ళలేదు.

బస్సు ఆగే చోట లస్మవ్వ బట్టల మూటతో కూర్చుని ఉంది. అక్కడే కొండల్ బీడీ కాలుస్తున్నాడు. హనుమండ్లు వాళ్ళ దగ్గరికి నవ్వుకుంటూ వచ్చాడు. పోయే పని లేదన్నాడు.

"నిమ్మళమైందే."

లస్మవ్వ అతని ముఖం చూసింది. ఏడాదిలో ఆ ముఖం అంత తేటగా ఆమె చూడలేదు. వేములవాడ గుడి వైపు తిరిగి దండం పెట్టుకుంది. బస్సు వచ్చి ఆగింది. కొండల్ బీడీ పారేసి, లేచి దగ్గరికొచ్చాడు. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాడు.

"కాకా, నేల తడిసిందా?"

హనుమండ్లు ముఖంలో నెత్తురు లేదు. మరుక్షణం కోపంతో ఎర్రబడింది.

"నేనేమన్న ఎద్దునారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పెద్దవాడిని అంత మాట అడిగినందుకు కొండల్ సిగ్గుపడి తల దించుకున్నాడు. కండక్టరు ఇంకెవరైనా ఉన్నారా అని ఒకసారి చూసి గంట కొట్టాడు. దుమ్ము అణిగేదాకా ముగ్గురూ అలాగే నిలబడ్డారు, ఆ తర్వాత ఇళ్ళకు వెళ్ళారు.

సాయంత్రం లస్మవ్వ జొన్నరొట్టెలు, అతనికిష్టమని పుంటికూర చేసింది. రెండు ముక్కలు తిని, వాసనే తెలియడం లేదని పక్కకు పెట్టాడు. మధ్యాహ్నం పిలగాణ్ణి ఊరికే కసిరానని బాధపడ్డాడు. వాడు అడగాల్సిందే అడిగాడు, మంచి పనివాడవుతాడు అన్నాడు. ఊరికి వెళ్ళేటప్పుడు పశువును పడగొట్టే మోకు ఒకటి తన చేత్తో చేసి ఇస్తానని, అటక మీది జనపనార దించి దూలానికి కట్టి పేనడం మొదలుపెట్టాడు. దీపాలు పెట్టే వేళకు కళ్ళు మసకగా ఉన్నాయని లేచి పడుకున్నాడు.

మర్నాడంతా నిద్రే. ఏడాదిగా కంటి మీద కునుకు లేని మనిషి, పడుకోనీ అని లస్మవ్వ సంబరపడింది. చూడటానికి వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపి, నిమ్మళంగున్నడు, లేపకుండ్రి అని పంపేసింది. కొండల్ రెండుసార్లు వచ్చాడు. రెండోసారి గడప మీద కూర్చుని, లోపలి నుంచి వచ్చిన గాలిలో ఉచ్చ వాసన ముక్కుకు తగలగానే చెప్పులైనా వేసుకోకుండా డాక్టరు కోసం పరుగెత్తాడు. జీపు తిరిగొచ్చేసరికి మూడో రోజు పొద్దెక్కింది. జలపతిరావు మంచం పక్కన కూర్చుని మణికట్టు పట్టుకున్నాడు. కాసేపటికి దాన్ని మెల్లగా దుప్పటి మీద పెట్టి, లేచి బయటికి వచ్చాడు. కొండల్ గోడకు తల కొట్టుకుంటూ, ఇంకొక్కసారి అడగవలసింది, కొట్టినా అడగవలసింది అని ఏడ్చాడు. లస్మవ్వకు ఆ మాట అర్థం కాలేదు.

మధ్యాహ్నం అందరూ అతన్ని తీసుకుని వెళ్ళిపోయాక ఇంట్లో ఎవరూ లేరు. దూలానికి మోకు వేలాడుతోంది, మూరెడు దాకా గట్టిగా పేనిన పురి, దాని కింద మూడు పాయలు దేనికది విడిగా.