తలుపు కింద వెలుగు

శాంటా క్లారాలోని ఆ ఇంట్లో రాత్రి పొద్దున్నే పడేది. కౌస్తుభ్ కాఫీ తాగేసి, కప్పు సింకులో పడేసి, అమ్మానాన్నల పడకగదిలోకి వెళ్ళి క్లోసెట్ తలుపు మూసి, లోపలున్న ఆరు గంజాయి మొక్కలకీ "గుడ్ నైట్" చెప్పేవాడు. రాత్రిళ్ళు కరెంటు చవక కనక వాటి లైట్లు అప్పుడే వెలుగుతాయి. మన రాత్రి వాటికి పగలు, మన పగలు వాటికి రాత్రి. ఒకప్పుడు వాళ్ళమ్మ దమయంతి పట్టుచీరలు వేలాడిన చోట ఇప్పుడు ఫ్యాన్లు వేలాడుతున్నాయి. చీరలు అట్టపెట్టెల్లోకి చేరాయి. వాటి గురించి ఆవిడ ఒక్క మాట కూడా అనలేదంటే ఇంట్లో పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

ఆవిడ భర్త రాజగోపాల్‌కి కేన్సర్. కీమో మొదలైనప్పటి నుంచి ఆయన కడుపులో మెతుకు నిలవడం లేదు. బరువు ఇలాగే తగ్గితే వైద్యం ఆపేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. వాంతులకిచ్చిన మాత్రలు పని చేయలేదు. షాపులో కొన్న గంజాయి నూనె వేస్తే గుండె దడ. కౌస్తుభ్ స్నేహితుడు ఫణి తన ఇంట్లో పెంచుకున్న మొక్కలోంచి తీసిన నూనె రెండు చుక్కలు వేస్తే మాత్రం ఆయన ఒక ఇడ్లీ తిన్నాడు, తిన్నది నిలబెట్టుకున్నాడు. ఆ రకం షాపుల్లో దొరకదు. ఫణి తన దగ్గరున్న ఒక చిన్న సీసా, నాటుకోవడానికి ఆరు కొమ్మలు ఇచ్చాడు. ఇంటికి ఆరు మొక్కలు పెంచుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది, డాక్టరమ్మా కాదనలేదు. ఇక కావలసిందల్లా సీసా ఖాళీ అయ్యేలోపు నూనెనిచ్చే పూత ముదరడమే.

"వాటికి ట్వెల్వ్ అవర్స్ ఫుల్ డార్క్ కావాలి, అమ్మా," అని మొదటిరోజే చెప్పాడు కౌస్తుభ్. "మధ్యలో లైట్ పడితే కన్‌ఫ్యూజ్ అవుతాయి. ఫ్లవరింగ్ ఆగిపోతుంది. లేదంటే మగపూలు వేసి సీడ్స్ కట్టేస్తాయి. అప్పుడు ఆయిల్ రాదు."

"నేనెందుకు తెరుస్తానురా తలుపు?" అంది దమయంతి. తెరవలేదు కూడా. గాలి ఆడటానికి తలుపు కింద వేలెడు సందు వదిలారు. కీమో తర్వాత రాజగోపాల్ కళ్ళు వెలుతురుకి ఓర్చుకోలేవు కాబట్టి గదికి నల్లటి మందపాటి పరదాలు. పగలంతా గది చీకటే. ఆ చీకట్లో, మంచానికీ క్లోసెట్‌కీ మధ్య చిన్న స్టూలు మీద, బేసిన్ దగ్గర పెట్టుకుని దమయంతి కూర్చునేది.

మొదట ఒక మొక్క చెడింది. పువ్వుల మధ్య పసుపుపచ్చగా, బుల్లి అరటిపళ్ళలా ఏవో పొడుచుకొచ్చాయి. మగపూలు. పుప్పొడి మిగతావాటి మీద పడకముందే కౌస్తుభ్ దాన్ని పీకేశాడు. ఆ వారంలోనే రెండోది. మిగిలిన నాలుగూ పూత మానేసి మళ్ళీ ఆకులు వేయడం మొదలెట్టాయి. సీసాలో నూనె అడుక్కి చేరింది.

"లైట్ లీక్," అన్నాడు కౌస్తుభ్. టీవీ కింద ఎర్రచుక్క, ఎయిర్ ప్యూరిఫయర్ మీద నీలంచుక్క, స్మోక్ అలారం మీద పచ్చచుక్క, అన్నిటికీ నల్లటేపు అంటించాడు. క్లోసెట్‌లో దూరి, తలుపేసుకుని కూర్చున్నాడు. కింద సందులో పాలలాంటి గీత. బయటికొచ్చి చూస్తే నాన్న పడుకునున్నాడు, అమ్మ స్టూలు మీద కూర్చునుంది.

"అమ్మా, ఫోన్ చూస్తున్నావా?"

"నా ఫోన్ కింద చార్జింగ్‌లో ఉందిరా."

మోకాళ్ళ మీద కూర్చుని తలుపంతా తడిమాడు. అప్పుడు తలుపు మీద నల్లగా ఒక ఆకారం కనిపించింది. తన నీడే. చీకటి గదిలో నీడెక్కడిది? వెనక్కి తిరిగాడు. అమ్మ.

దిగులు పడితే దమయంతి ఒళ్ళు వెలుగుతుంది. పుట్టుక నుంచీ అంతే. తెనాలిలో పరీక్షల రోజుల్లో కరెంటు పోతే అన్నలిద్దరూ "లెక్కల్లో తప్పుతావే" అని బెదిరించి, ఆ వెలుగులో చదువుకునేవారు. అమెరికా వచ్చాక డ్రైవింగ్ టెస్టులో పక్కన కూర్చున్నాయన కళ్ళకి నల్లద్దాలు తగిలించుకుని "లెఫ్ట్ టర్న్ ప్లీజ్" అన్నాడు. ఇంట్లో మరీ అలవాటైపోయి, లీకు కోసం చుక్కచుక్కా వెతికిన కొడుక్కి కూడా అమ్మ తట్టలేదు.

"నేనేనా?" అంది దమయంతి. కొడుకు చేతిలోని నల్లటేపు చుట్ట పక్కన పెట్టాడు. భర్త ప్రాణం నిలబెట్టే మొక్కల్ని ఇన్నాళ్ళూ తనే పాడుచేసిందన్న ఆలోచనకి ఆవిడ మరింత వెలిగింది. పరదా అంచుల కుట్లు కూడా కనబడ్డాయి.

మర్నాడు కింద హాల్లో కూర్చుంది. పైన ఆయనకేమవుతోందోనని, కనిపించకపోయేసరికి దిగులు ఇంకా పెద్దదై, వెలుగు మెట్లెక్కి తలుపు దాకా పోయింది. ఇలా కాదని పైకే వచ్చి దుప్పటి కప్పుకుంది, అది లాంతరు చిమ్నీలా అయింది. దిగులుపడకూడదని తనకి తాను చెప్పుకుంటే దిగులు రెట్టింపయ్యేది. రాజగోపాల్ కళ్ళు సగం తెరిచి ఆవిడ వైపు చూసి, మళ్ళీ మూసుకునేవాడు. బేసిన్ అందిస్తే "థాంక్స్, దమయంతీ" అనేవాడు. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆ మనిషి ఆవిడకి థాంక్స్ చెప్పి ఎరగడు. ఆ మర్యాదే ఆవిడని హడలగొట్టింది.

ఆ వారం స్కాన్ తీశారు. రిపోర్టు రాలేదు.

బాత్రూమ్ కిటికీ దగ్గర దమయంతి కరివేపాకు మొక్క ఉంటుంది. విత్తనం నుంచి పెంచింది. ప్రతి చలికాలం లోపలికి మోసి, పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంది. ఆ మధ్యాహ్నం చూస్తే ఆకులన్నీ రాలి, మొదలు దగ్గర మట్టి జిగటగా ఉంది. వంగి వాసన చూసింది. వెనీలా. బలానికని తను పూటపూటా కలిపి ఆయన చేతికిస్తున్న పాలపొడి డ్రింకు.

"ఏమండీ!" అంది గదిలోకి వచ్చి. "డ్రింకు తాగుతున్నారా?"

"ఆ... తాగుతున్నాను."

"మీరు తాగుతున్నారా, నా కరివేపాకు చెట్టు తాగుతోందా?"

రాజగోపాల్ దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"తాగలేకపోతే తాగలేనని చెప్పొచ్చుగా! నోరు లేదా? పచ్చగా ఉన్న చెట్టుని చంపేశారు! ఎప్పుడూ ఇంతే మీరు. యోసెమిటీ పార్కుకి దారి తెలుసు తెలుసంటూ పసిపిల్లాడితో రాత్రంతా కొండల్లో తిప్పలేదూ? దారి తప్పామని ఒక్క మాట అన్నారా?"

"దారి తప్పలేదు," అన్నాడు రాజగోపాల్. గొంతు పీలగా వచ్చినా పౌరుషంగానే వచ్చింది. "రోడ్డు మూసేశారు."

"మూయలేదు! బోర్డు చూడలేదు మీరు!"

"బోర్డు చూడాల్సింది నువ్వు! మ్యాపు నీ ఒళ్ళోనే ఉంది!"

"ఉంది! తలకిందులుగా పట్టుకున్నానని లాక్కుంది ఎవరు?"

కేకలకి కౌస్తుభ్ పరుగెత్తుకొచ్చి, గుమ్మం దాటి వెనక తలుపు మూసి అడుగేయగానే మంచం కోడు తగిలి బోర్లా పడ్డాడు. గదిలో ఏమీ కనపడటం లేదు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

చీకట్లోంచి రాజగోపాల్ గొంతు వినిపించింది. "దమయంతీ, ఎక్కడున్నావు?"

"ఇక్కడే ఏడ్చాను."

"రిపోర్టు వచ్చిందా?"

"రాలేదు."

"మరి నువ్వు వెలగడం లేదే?" ఆయన ఊపిరి తీసుకున్నాడు. "రోజూ నిన్ను చూసే లెక్కేసుకుంటున్నాను, ఎంత మిగిలిందో. మీరెవరూ గట్టిగా మాట్లాడరు. పోయేవాడిని పలకరించినట్టు పలకరిస్తారు." పక్కకి ఒత్తిగిల్లి అన్నాడు. "పోయేవాడిని ఎవరూ కరివేపాకు చెట్టు కోసం తిట్టరు."

దమయంతికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే వెలుగుతుందేమోనని పంటి బిగువున ఆపుకుంది.

"చారుందా?" అన్నాడు రాజగోపాల్.

సీసాలోని ఆఖరి రెండు చుక్కలు వేసి, చారులో అన్నం మెత్తగా పిసికి పెట్టింది. చీకట్లోనే తినిపించింది. అయిదు ముద్దలు. ఇద్దరూ బేసిన్ మాటెత్తకుండా ఎదురుచూశారు. బేసిన్‌తో పని పడలేదు.

ఆ తర్వాత ఆ గదిలో రోజూ పోట్లాటే. ఉప్పు గురించీ, దుప్పటి మడత గురించీ, కౌస్తుభ్‌కి ఎవరి ముక్కు వచ్చిందన్న దాని గురించీ. తలుపుకి అవతల నాలుగు మొక్కలూ చెదరని చీకట్లో నిద్రపోయాయి. ముదురాకుల మధ్య తెల్లటి నూగులా పూత మళ్ళీ మొదలైంది, గుత్తులు కట్టింది, జిగురు పట్టింది. కొత్త నూనె వచ్చేదాకా రాజగోపాల్ చారన్నం మీదే నెట్టుకొచ్చాడు.

మళ్ళీ బరువు చూసే రోజున ఆసుపత్రిలో నర్సు పేరు పిలిచింది. కుర్చీలోంచి లేస్తూ రాజగోపాల్ భార్య చేతి వైపు చూశాడు. గాజుల కింద మణికట్టు మెల్లగా తెల్లబడుతోంది.

"అయినా ఆ మ్యాపు నువ్వు తలకిందులుగానే పట్టుకున్నావు," అన్నాడు.

"ఏంటీ?" అని దమయంతి గయ్యిమంది. నర్సు వెనక్కి తిరిగి చూసింది. గాజుల కింద వెలుగు ఆరిపోయింది.

ఆ చెయ్యి పట్టుకునే ఆయన తూకం ఎక్కాడు. నర్సు అంకె చూసి, పాత అంకె చూసి, తర్వాతి విడత కీమో సోమవారం పొద్దున్నే మొదలవుతుందని చెప్పింది.