ఎడమచేతి మడత

పన్నెండో చీర మడతపెడుతూ నూరుద్దీన్ కుమారి వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

అనకాపల్లి మెయిన్ రోడ్డు బట్టల షాపులో ఇద్దరిదీ ఒకే కౌంటరు. ఆమె విప్పి చూపించిన చీరలన్నీ, ఎవరు కొన్నా కొనకపోయినా, అతను మళ్లీ మడతపెట్టాలి. ఇరవై రెండేళ్లుగా అదే పని. పొద్దున పది నుంచి షాపు మూసేదాకా కూర్చోకూడదు. అతని పిక్కల మీద నరాలు నీలంగా, తాళ్లలా ఉబ్బిపోయాయి. కూర్చుంటే నెత్తి మీది కెమెరా మేనేజరు బంగారయ్యకి చూపిస్తుంది.

మూడేళ్లుగా జీతాలు పెరగలేదని, కనీసం కౌంటరు వెనక స్టూళ్లయినా వేయించమని కుమారి ఒక కాగితం రాసింది. పేర్లు పెట్టలేదు. బంగారయ్యకిస్తే ఓనరు దాకా పోదు. అందుకని ఓనరుగారి భార్య చూడటానికి ఇంటికి పంపే పట్టుచీరల్లో ఒకదాని మడతలో నూరుద్దీన్ దాన్ని దాచాడు. ఈ సంగతి వాళ్లిద్దరికే తెలుసు.

ఈ పొద్దున ఆ చీరలు తిరిగొచ్చాయి. కాసేపటికే బంగారయ్య కుమారిని గదిలోకి పిలిచాడు. అరగంట తర్వాత వచ్చింది.

"ఏటన్నాడు?"

ఆమె కళ్లు ఒకసారి కెమెరా మీదికి పోయొచ్చాయి. "ఏటీ లేదు బాబాయ్. కస్టమర్లతోటి నవ్వుతా మాటాడాలట. పళ్లు కనబడాలట."

"దానికి అరగంటా?"

ఆమె ఇంకో చీర విప్పింది.

ఆ తర్వాత నూరుద్దీన్‌కి అన్నీ తేడాగానే కనిపించాయి. రోజూ "ఏయ్" అని కేకేసే బంగారయ్య ఈ రోజు "కుమారమ్మా" అన్నాడు. ఎందుకు? జీతం పెంచుతానన్నాడా? తన పేరు చెప్పేసిందా? మధ్యాహ్నం మెట్ల దగ్గర ఆమె "బాబాయ్, ఒక్కమాట" అంది. అతను వినపడనట్టు వెళ్లిపోయి, గోడ వైపు తిరిగి అన్నం తిన్నాడు.

మూడింటికి అతనికి పిలుపొచ్చింది.

బంగారయ్య టేబుల్ మీద ఆకుపచ్చ పట్టుచీర. పక్కన ఆ కాగితం.

"ఈ షాపులో నాకు మడత నేర్పింది నువ్వే కదా మావా," అన్నాడు బంగారయ్య. "అందరి అంచూ కుడిపక్కకొత్తాది. నువ్వు ఎడంసేతోడివి. అమ్మగారు కాగితం లాగి పంపేరు, మడత ఇప్పలేదు. ఈ సీర సూడు."

నూరుద్దీన్ చూశాడు. అంచు ఎడమ పక్కకుంది. తన చేతులు అలా మడతపెడతాయని తనకే ఎప్పుడూ తట్టలేదు.

"నీకు తెలుగు రాయడం రాదు. రాసిందెవులు? నీ కౌంటరే కదాని కుమారిని బతిమాలేను, బెదిరించేను. నాకేటీ తెల్దంటాది. నువ్వు పేరు సెప్పేసి పోయి పని సేసుకో."

 పొద్దుటి నుంచి తాను కుమారిని చూసిన చూపులన్నీ నూరుద్దీన్‌కి ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"నేనే రాసేను."

"అబద్దం."

"నేనే బాబూ."

బంగారయ్య కాగితాన్ని మడిచి చీర కింద పెట్టాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "అయితే రేపట్నుంచి రాకు మావా."

సంచీ కోసం నూరుద్దీన్ మేడ మీది రేకుల షెడ్డులోకి వెళ్లాడు. అక్కడ షాపు ఊడ్చే చిన్నమ్మలు గచ్చు తుడుస్తోంది.

"ఆ కిటికీలో గిన్నె నీదే. కుమారి నీకని బెల్లం పరమాన్నం తెచ్చింది," అంది. "సెబుదామంటే మూతి ముడుసుకు తిరుగుతన్నావట. ఈ వయసులో నీకు అలకేటయ్యా?"

అతను గిన్నె మూత మీద చెయ్యి వేశాడు. తీసుకునే ముఖం లేకపోయింది. సంచీ భుజాన వేసుకుని వెనక మెట్ల మీదుగా దిగిపోయాడు. లోపల ఎవరికో రంగులు చెబుతూ కుమారి నవ్వుతున్న గొంతు వినిపించింది.

సాయంత్రానికి బెల్లం వాసనకి చీమలు బారు కట్టాయి. కిటికీలో ఆ స్టీలు గిన్నె అలాగే ఉంది, మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన కుమారి వాళ్లమ్మ పేరుతో.