పక్కసీటు బ్రేకు

ఊళ్లో సగం మందికి కారు నేర్పిన ఆ మనిషిని శిష్యులందరూ బ్రేకమ్మ అనేవారు. ఎదుటే అనేవారు. ఆమె కోప్పడేది కాదు. నేర్చుకునేవాళ్ల కాలు తడబడినప్పుడల్లా పక్కసీట్లోంచి తన కాలి కింది రెండో బ్రేకును ఆమె నొక్కబట్టే కదా, ఆ ముద్దుపేరు పెట్టడానికి వాళ్లు మిగిలారు.

ఇన్నేళ్లూ ఒకరి డ్రైవింగ్ స్కూల్లో జీతానికి చేసి, ఇప్పుడు సొంతంగా స్కూలు పెట్టుకుంటానంది. పాత యజమాని నవ్వి, నెల తిరక్కముందే మళ్లీ నా బండి పక్కసీట్లోకే వచ్చి కూర్చుంటావని జోస్యం చెప్పాడు. జోస్యాల మీద ఆమెకు బొత్తిగా గురి లేదు. గది అద్దెకు తీసుకుంది, బోర్డు రాయించింది. మిగిలింది బండి. రెండు జతల పెడళ్లను కంపెనీయే బిగించి ఇచ్చే కారు పక్క రాష్ట్రంలోని ఒక్క షోరూమ్‌లోనే దొరుకుతుంది. ఊళ్లో మెకానిక్కు చేత అతికించుకుంటే రవాణా ఆఫీసువాళ్లు ఒప్పుకోరు. అందుకని తండ్రిని వెంటబెట్టుకుని బయల్దేరింది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు.

బయల్దేరేముందు ఒక సంగతి తేల్చుకుంది. పక్క రాష్ట్రంలో కారు కొంటే పన్ను ఎక్కడ కట్టాలన్న ప్రశ్నకు చుట్టుపక్కలవాళ్లు తలొక జవాబు చెప్పారు. రెండు చోట్లా కట్టాలని పక్కింటాయన, ఎక్కడా అక్కర్లేదని చిన్నమామయ్య. ఇద్దరికీ గట్టి నమ్మకమే ఉంది. ఆధారం మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆమె నేరుగా తమ ఊరి రవాణా ఆఫీసుకే వెళ్లి అడిగింది. అమ్మకం పన్ను ఎలాగూ ధరలోనే కలిసి ఉంటుందనీ, జీవితకాలపు పన్ను మాత్రం శాశ్వతమైన నంబరు తీసుకునే చోటే కట్టాలనీ అక్కడివాళ్లు చెప్పారు. కొన్న చోట తాత్కాలిక నంబరుకు కొద్దిపాటి రుసుము కడితే చాలు. అయితే ఆ నంబరుతో బండి తిన్నగా ఇంటికి రావాలి. దారిలో దానితో సంపాదన చేస్తే ఆ రాష్ట్రం పన్ను కూడా నెత్తిన పడుతుంది.

అందుకే షోరూమ్ గుమస్తా అక్కడి జీవితకాలపు పన్నును కూడా కలిపేసి బిల్లు చేతికిచ్చినప్పుడు, ఆమె దాన్ని మళ్లీ ఆయన ముందే పెట్టింది. అందరూ కడుతున్నారండీ అన్నాడాయన. అందరూ కడుతున్నారంటే, అక్కర్లేదని ఎవరికీ చెప్పలేదన్నమాట అంది ఆమె. గుమస్తా లోపలికి కబురు పెట్టాడు. మేనేజరు వచ్చాడు, ఫోన్లు చేశాడు, మధ్యాహ్నం దాటేసరికి ఆ పద్దు కొట్టేశారు. ఆమె గీసి గీసి బేరమాడడం పిసినారితనం కాదు. ఇంటి దగ్గర కట్టాల్సిన పన్నుకు దాచుకున్నదే ఆమె ఆఖరి సొమ్ము. అది ఇక్కడ ఖర్చయితే అక్కడ నంబరు రాదు. నంబరు రాకపోతే స్కూలు తెరుచుకోదు. ఆ పైన యజమాని జోస్యం ఫలించినట్టే.

తాళం చేతికిస్తూ సేల్స్ కుర్రాడు స్టీరింగు వైపు తలుపు ఎంతో మర్యాదగా తెరిచి పట్టుకున్నాడు. ఆమె కృతజ్ఞతగా తల ఊపి, కారు చుట్టూ తిరిగి వెళ్లి పక్కసీట్లో కూర్చుంది. ఆమె ఎప్పుడు కారెక్కినా అంతే కనుక తండ్రికి కూడా అందులో వింత తోచలేదు. ఆయన స్టీరింగు పట్టుకున్నాడు.

పొలిమేర దాటారో లేదో, మలుపు వచ్చినప్పుడల్లా కారు ఎక్కిళ్లు పెట్టడం మొదలెట్టింది. లారీ ఎదురైతే ఒక ఎక్కిలి, గేదె అడ్డొస్తే ఒక ఎక్కిలి.

“అమ్మాయ్, బండి నేను నడుపుతున్నానా, నువ్వు నడుపుతున్నావా?”

“నువ్వే నాన్నా. నా కాలే ఊరుకోవడం లేదు.”

“ఆ కాలుకి చెప్పు, నేను లైసెన్సు తీసుకునేనాటికి అదింకా పుట్టలేదని.”

అది విన్నట్టు లేదు. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర అడ్డుకర్ర కనపడగానే తండ్రీకూతుళ్లిద్దరూ ఒకేసారి బ్రేకు తొక్కారు. కారు ఎగిరిపడి, రెండుసార్లు ఊగి, ఆగిపోయింది.

టీ గ్లాసుతో బయట నిలబడ్డ ఇన్‌స్పెక్టరు అదంతా చూశాడు. నింపాదిగా వచ్చి కాగితాలు అడిగి తీసుకుని, లోపలికి వంగి చూశాడు. తాత్కాలిక నంబరు, రెండు జతల పెడళ్లు, పక్కసీట్లో యజమానురాలు, గుర్రప్పిల్లలా గెంతే కారు. డ్రైవింగ్ పాఠం నడుస్తోందని తేల్చేశాడు. సంపాదనకు వాడుతున్నారు కాబట్టి మా రాష్ట్రం పన్ను, పైన జరిమానా కట్టి కదలమన్నాడు.

తండ్రి వెంటనే లైసెన్సు తీసి చూపించాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని గౌరవంగానే తిరిగి ఇచ్చి, వయసు మీద పడ్డాక చెయ్యి మరిచిపోయి మళ్లీ నేర్చుకునేవాళ్లను తాను చాలామందిని చూశానన్నాడు. పెద్దాయన మొహం ఎర్రబడింది. నోరు తెరవబోతే కూతురు ఆయన మోచెయ్యి పట్టుకుంది.

ఆమెకు ఇన్‌స్పెక్టరు మీద కోపం రాలేదు. కళ్లకు కనపడినదాన్ని బట్టి ఆయన కట్టిన లెక్క తప్పేమీ కాదు. కాకపోతే, కారు గెంతడానికి రెండు కారణాలుండవచ్చు: తొక్కడం రాని డ్రైవరు, తొక్కకుండా ఉండలేని తాను. అందులో ఒకదాన్ని తీసేసి చూస్తే రెండోది తేలిపోతుంది.

“మీకు అనుమానం రావడం సబబే సార్,” అంది. “కానీ అనుమానం మీద పన్ను వెయ్యరు కదా. మీరు వెనక సీట్లో కూర్చోండి. నేను కాళ్లు పైన పెట్టుకుంటాను. మా నాన్న ఈ ఆవరణంతా తిప్పి, ఆ రెండు లారీల మధ్య వెనక్కి పెడతాడు. ఒక్క కుదుపు వచ్చినా మీరన్నంతా కట్టేసి పోతాను.”

తండ్రి ఆమె వైపు అదోలా చూశాడు. స్కూలు మొత్తాన్ని తన ముసలి కాలి మీద పెట్టేసిందని ఆయనకు అర్థమైంది.

ఇన్‌స్పెక్టరు ఇంకా తాగని టీ గ్లాసుతో సహా వెనక సీట్లో కూర్చున్నాడు. బ్రేకమ్మ చెప్పులు విప్పి బాసింపట్టు వేసుకుంది. కారు కదిలింది. ఆవరణ చుట్టూ తిరిగింది. ఆపై లారీల వైపు వెనక్కి జరగసాగింది. ఆ సందు ఆమెకు తలుపులా కాదు, తలుపు సందులా కనపడింది. పక్కవాణ్ణి నమ్మకపోవడమే ఇన్నాళ్లూ ఆమె ఉద్యోగం. కుడి కాలు దానంతటదే విడివడి కిందికి జారబోయింది. రెండు చేతులతో మడమ పట్టుకుని, కళ్లు మూసుకోకుండా, అద్దంలో దగ్గరపడుతున్న లారీ చక్రాన్నే చూస్తూ కూర్చుంది. నమ్మకమంటే ఏమిటో ఆమెకు తెలియదు గానీ, పరీక్ష మధ్యలో చెయ్యి పెడితే ఫలితం పాడవుతుందని మాత్రం తెలుసు.

కారు ఆగింది. ఎప్పుడు ఆగిందో తెలియనంత మెత్తగా ఆగింది.

తండ్రి అద్దంలోంచి వెనక్కి చూశాడు. “టీ చల్లారిపోతోంది, తాగండి సార్.”

ఇన్‌స్పెక్టరు గ్లాసు వంక చూసుకున్నాడు. అంచుదాకా ఉన్న టీ ఒక్క చుక్కయినా ఒలకలేదు. ఆయన దాన్ని గుక్కలో తాగేసి, లోపలికి వెళ్లి, కాగితం మీద ముద్ర వేసి తెచ్చాడు. కట్టాల్సిందేమీ లేదన్నాడు. ఊరు చేరేదాకా మీరే నడపండమ్మా, ప్రతి చెక్‌పోస్టులోనూ వెనక సీటు ఎక్కేంత తీరిక ఎవరికీ ఉండదని సలహా కూడా ఇచ్చాడు.

ఆమె మొదటిసారి తన కారు స్టీరింగు ముందు కూర్చుంది. సంచిలోని సొమ్ము సంచిలోనే ఉంది. తండ్రి పక్కసీట్లోకి మారాడు. అడ్డుకర్ర పైకి లేచింది. గేరు వేసి రెండు గజాలు కదిలిందో లేదో, కారు ఎగిరిపడి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు గిరుక్కున వెనక్కి తిరిగాడు. పెద్దాయన కిటికీలోంచి బయటికి, ఏమీ లేని వైపు, ఎంతో శ్రద్ధగా చూడసాగాడు.

“నాన్నా,” అంది ఆమె, “కాళ్లు పైన పెట్టుకో.”

ఆయన చెప్పులు విప్పి, బాసింపట్టు వేసుకున్నాడు. కారు సరిహద్దు దాటింది.