కౌన్సిలర్ గారి జ్యేష్ఠా నక్షత్రం

కారు స్టార్టయిన చప్పుడు వినబడేదాకా వనిత వంటింటి గడప దాటకూడదు. ఆ ఇంట్లో ఇది పొద్దున్నే పాలు కాచడమంత మామూలు సంగతి. బావ దివాకర్ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అద్దం ముందు జుట్టు సర్దుకుని, ఫోన్లో ఎవరినో నాలుగు తిట్టి, చెప్పులేసుకుని గేటు దాటేవరకూ తమ్ముడి భార్య ముఖం ఆయన కంట పడరాదు. ఆయన తాగే చాయ్ మాత్రం ఆమే పెట్టాలి. ఆయన తినే జొన్నరొట్టె ఆమే కొట్టాలి. ఆ తెల్లచొక్కాకు గంజి పెట్టి ఇస్త్రీ చేసేదీ ఆమే. చేతులకు అంటని దోషం ముఖానికే ఎట్లా అంటుకుందని ఎవరికీ సందేహం రాలేదు. వనితకు వచ్చింది. ఈ కట్టడి పెట్టిన కొత్తల్లో ఒకసారి మొగుడు బాలేష్‌ను అడిగింది కూడా. అతను తన అన్న దగ్గరే ప్లాట్లు చూపించే పని చేస్తాడు, అన్న మాటకు ఎదురు చెప్పిన పాపాన పోలేదు. "ఒక్క జరసేపే గద, లోపలుంటే నీదేం పోతది?" అన్నాడు. ఏం పోతుందో చెప్పడానికి ఆరోజు ఆమెకు మాట దొరకలేదు. తర్వాత చాలా దొరికాయి గానీ వినే మనిషి దొరకలేదు.

పెళ్లినాడు ఆమె నక్షత్రం రోహిణి. పుట్టిన ఘడియ ఎవరూ అడగలేదు, పేరులో మొదటి అక్షరం పట్టుకుని అయ్యగారు లెక్కేశారు. చంద్రుడికి ఇరవై ఏడుగురు భార్యలున్నా రోహిణి మీదే ప్రాణమనీ, ఇట్లాంటి పిల్ల దొరకడం మీ అదృష్టమనీ సంబరంగా చెప్పారు. అత్త సుక్కమ్మ ఆ ముక్క వాడవాడంతా చెప్పుకుంది. మిగతా ఇరవై ఆరుగురు ఆ ఇంట్లో అంట్లు తోముకుంటూ బతికారా, వాళ్ల సంగతేమిటని అడిగినవాళ్లు లేరు. వనితా అడగలేదు. అప్పటికి తను రోహిణి కదా, మురిసిపోయింది. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన మీదే ఒళ్లు మండుతుంది.

కూతురు నీహారిక పుట్టిన ఇరవై ఒకటో రోజున గుట్టు బయటపడింది. తొట్టెల వేసే సంబరంలో వనిత తల్లి నోరు జారింది. తన బిడ్డ కూడా ఇట్లాగే దవాఖానలో పుట్టిందని, పుట్టిన రోజూ వేళా అయ్యగారికి వరసగా అప్పజెప్పింది. అయ్యగారు పంచాంగం తిరగేసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, రోహిణి కాదు జ్యేష్ఠ అన్నారు. జ్యేష్ఠలో పుట్టిన ఆడపిల్ల మొగుడి అన్నకు గండమని, పొద్దున ఆయన ఇల్లు కదిలేదాకా ఈమె ముఖం ఆయన కంట పడకూడదని కూడా అన్నారు. పాట పాడుతున్న ఆడవాళ్లు పాట ఆపేశారు. తొట్టెల్లో పిల్ల ఏడుస్తుంటే ఎత్తుకోవడానికి ఎవరూ లేవలేదు.

ఆ ఏడే బాలాపూర్ దిక్కు గణేశుడి నిమజ్జనానికి పోయిన దివాకర్ పీకలదాకా తాగి బండి నడుపుకుంటూ వచ్చి తుక్కుగూడ దగ్గర డివైడర్‌కు గుద్దుకున్నాడు. కాలు విరిగింది. తాగిన మందు మాట ఎవరూ ఎత్తలేదు, నక్షత్రం మాట అందరూ ఎత్తారు. ఆయన భార్య అండాలు అంగన్‌వాడీ టీచరు. ఆమె పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాదు. మంచంలో ఉన్న మనిషికి అన్నం పెట్టడం, ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ పెట్టి తీయడం వనిత వంతుకొచ్చాయి. కొంగు కళ్ల దాకా లాక్కుని, తల పక్కకు తిప్పుకుని చెయ్యమంది అత్త. చేసింది. మనిషి ఉచ్చ ఎత్తిపోసేటప్పుడు కూడా ముఖం దాచుకోవాల్సి రావడం కంటే అవమానం ఇంకోటి ఉంటుందా అని బావి దగ్గర కూచుని ఏడ్చింది. ఆయన కాలు అతుక్కున్నాక డాక్టరుకు దండం పెట్టారు, దేవుడికి మేకను కోశారు. ఈమెను మళ్లీ వంటింట్లోకే పొమ్మన్నారు. వనిత తండ్రి అప్పు చేసి శాంతి కూడా చేయించాడు. గండం పోయిందా అంటే, తగ్గిందన్నారు అయ్యగారు.

శుక్రవారం ఇల్లు కడిగినప్పుడల్లా సుక్కమ్మ పక్కింటివాళ్లకు జ్యేష్ఠాదేవి కథ చెప్పేది, కోడలికి వినబడేంత గొంతుతో. సముద్రం చిలికితే లక్ష్మి కంటే ముందు ఆమె పుట్టిందట. ఎవరూ చేసుకోలేదట. అక్కకు పెళ్లి కానిదే చెల్లెలు చేసుకోనంటే విష్ణుమూర్తి ఒక రుషిని ఒప్పించి కట్టబెట్టాడట. ఆమెకు వేదం గిట్టదు, హోమం పొగ గిట్టదు. రుషి విసిగిపోయి, రావిచెట్టు కింద కూచోబెట్టి, మంచి చోటు చూసి వస్తానని పోయి మళ్లీ రాలేదట. అందుకే ఆమె దరిద్రదేవత అయిందని సుక్కమ్మ చీపురు దులిపేది. వనిత గచ్చు తుడుస్తూ వినేది. వస్తానని చెప్పి ఎగ్గొట్టి పోయినవాడు రుషి అయ్యాడు, ఆ మాట నమ్మి చెట్టుకింద కూచున్నది దరిద్రమయింది. ఇంత అన్యాయపు కథను ఆడవాళ్లే ఇంత రుచిగా ఎట్లా చెప్పుకుంటారో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఇట్లా ఉండగా మునిసిపాలిటీ ఎన్నికలొచ్చాయి. కౌన్సిలర్ కావాలని దివాకర్ ఏళ్లుగా కాసుకుని ఉన్నాడు. ఎవరింట్లో చావైనా ముందు నిలబడ్డాడు, వినాయకుడికి మండపం వేయించాడు, బతుకమ్మకు మైకు పెట్టించాడు. తీరా చూస్తే వార్డు మహిళలకు రిజర్వయింది. ఆ రోజు ఇంట్లో పీనుగ లేచినట్టే ఉంది. అండాలును నిలబెడితే అంగన్‌వాడీ ఉద్యోగం వదులుకోవాలి, ఆమె ససేమిరా అంది. సుక్కమ్మకు మోకాళ్ల నొప్పులు. అందరి చూపులూ మెల్లగా వంటింటి వైపు తిరిగాయి.

అదే అయ్యగారిని పిలిచారు. అదే పంచాంగం. జ్యేష్ఠకు అధిదేవత ఇంద్రుడన్నారు, దేవతల రాజు. గుర్తు గొడుగు, సింహాసనం మీద పట్టే గొడుగు. జ్యేష్ఠ అంటేనే పెద్దది, ఆ నక్షత్రంలో పుట్టినవాళ్లు పదిమందిని ఏలతారు, ఈ ఇంటికి రాజయోగం ఈ అమ్మాయి వల్లే అన్నారు. వనితను హాల్లోకి పిలిచి, బావ ఎదురుగా కుర్చీలో కూచోబెట్టారు. ఇన్నేళ్లలో మొదటిసారి. ఆమె కూచుని, అయ్యగారి వైపే చూసింది.

"గీ ముచ్చట మా బిడ్డ తొట్టెల నాడు ఎందుకు చెప్పలేదు అయ్యగారూ?"

అయ్యగారు తడుముకోలేదు. "అప్పుడు సంసారం గురించి అడిగారమ్మా. ఇప్పుడు పదవి గురించి అడిగారు."

మరి పొద్దున ముఖం చూసే సంగతేంటని సుక్కమ్మ అడిగింది. పదవికి మంచిదే గానీ ఇంటి విషయంలో పాత జాగ్రత్తే ఉండాలన్నారు అయ్యగారు. ఒకే మనిషి, ఒకే చుక్క. వాళ్లకు పనికొచ్చిన పూట గొడుగు, పనికిరాని పూట గండం. వద్దని లేచిపోవాలనిపించింది వనితకు. కానీ లేస్తే పోవలసింది మళ్లీ ఆ వంటింట్లోకే. సరే అంది.

ఫ్లెక్సీలు కట్టారు. దివాకర్ బొమ్మ కారంత, ఆమెది కింద మూలన చేతులు జోడించి. నువ్వు నమస్తె పెట్టు చాలు, మిగతాది నేను చూసుకుంట అన్నాడు బావ. నమస్తెలు పెట్టుకుంటూ ఇల్లిల్లూ తిరిగింది. చెరువుకట్ట దిక్కు గల్లీలో ముత్యాలు అనే ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయి ఖాళీ డ్రమ్ములు చూపించింది. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు, పనికి పోవాలా బిందె పట్టుకుని నిలబడాలా అంది. గెలిస్తే మొదట మీ గల్లీకే నల్లా లైను వేయిస్తానని వనిత మాటిచ్చింది. ఆ మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు. తన నోట్లోంచి అట్లాంటి మాట రావడం ఆమెకే వింతగా, బాగా అనిపించింది.

గెలిచింది. ఊరేగింపులో దండలన్నీ దివాకర్ మెడలో పడ్డాయి. మర్నాటి నుంచి పొద్దున్నే హాలు నిండా జనం, మధ్యలో సోఫా మీద ఆయన. కౌన్సిలర్‌ను కలవడానికి వచ్చినవాళ్లందరికీ వంటింట్లోంచి కౌన్సిలరే చాయ్ పెట్టి పంపింది. తలుపు పక్క నుంచి ట్రే జరిపేది, బాలేష్ అందుకునేవాడు.

మొదటి మీటింగు ముందురోజు దివాకర్ తమ్ముడితో చెప్పి పంపాడు. కొత్త నల్లా లైను ముందు ఎటు వేయాలో రేపు తేలుతుంది, మన ప్లాట్ల వెంచర్ దిక్కు అన్నప్పుడు చెయ్యెత్తమను. ఆ వెంచర్లో ఇంకా ఒక్క ఇల్లు లేదు, హద్దురాళ్లూ పిచ్చిచెట్లూ ఉన్నాయి. ముత్యాలక్క గల్లీకి మాటిచ్చినగద అంది వనిత. బాలేష్ తల గోక్కున్నాడు. "అన్న ముందుగాల పోయి అందరితోని మాట్లాడి పెడతడట. నువ్వేం ఫికర్ చెయ్యకు, చెయ్యెత్తుడే గద." పొద్దున ముఖానికి ముసుగు వేశారు, ఇప్పుడు చేతిని కూడా తీసుకుంటామంటున్నారు. ఇక తనదంటూ ఏం మిగిలిందని ఆ రాత్రంతా ఆమె లోపల్లోపల ఉడికింది.

పొద్దున నీలం చీర కట్టుకుని, పొయ్యి మీద పెద్ద గిన్నెలో చాయ్ పెట్టింది. హాల్లో పదిమంది ఉన్నారు. దివాకర్ అద్దం ముందున్నాడు. స్కూలు బట్టలేసుకున్న నీహారిక లోపలికి వచ్చి, చప్పుడు కాకుండా వంటింటి తలుపు దగ్గరికి లాగి, గొళ్లెం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏం చేస్తున్నవే?"

"పెద్దబాపు ఇంక పోలే. నువ్వు ఇయ్యాల తొందరల మరిచిపోయి బయటికొస్తవని, నేనే పట్టుకున్న."

పిల్ల మొహంలో కొంటెతనం లేదు, తల్లి మీద ప్రేమే ఉంది. అమ్మ తిట్లు తినకుండా కాపాడుతున్నానని గర్వం కూడా ఉంది. వనితకు నక్షత్రం అంటగట్టడానికి అయ్యగారు కావలసివచ్చింది. ఈ పిల్లకు ఎవరూ చెప్పనవసరం లేకుండానే తలుపు మూయడం వచ్చేసింది. రేపు ఏ ఇంట్లోనో తన తలుపు తనే మూసుకుని, మంచిదాన్ననుకుంటుంది. వనిత కూతురి చెయ్యి మీద చెయ్యి వేసి మెల్లగా గొళ్లెం విడిపించింది. తలుపు బార్లా తీసి హాల్లోకి వచ్చింది.

దివాకర్ ఒక చెప్పు వేసుకుని రెండోదాని కోసం కాలు చాపి ఉన్నాడు. ఆమెను చూసి అట్లాగే ఆగిపోయాడు. సుక్కమ్మ గోడ పట్టుకుని లేవబోయింది, వాడింకా గడప దాటలేదని గొణిగింది. తెలుసు అత్తమ్మా అంది వనిత. ఆమె గొంతు ఆమెకే నెమ్మదిగా వినబడింది. కళ్లెత్తి, బావ ముఖంలోకి, ఇన్నేళ్ల బాకీ తీరేట్టు నిండుగా చూసింది.

దివాకర్ రెండో చెప్పు వేసుకోలేదు. వేసుకున్నది కూడా విడిచి, వచ్చి సోఫాలో కూలబడ్డాడు. నీళ్లు తాగమని సుక్కమ్మ చెంబు పట్టుకొచ్చింది. ఆయన నుదుట చెమట పట్టింది. నమ్మకం ఆయనదే, ఈ పూట ఇల్లు కదిలే ధైర్యం ఆయనకు లేదని అక్కడున్న అందరికీ తెలుసు. వనిత కూతురిని దగ్గరికి తీసుకుని గుమ్మం దిగి, చెప్పులేసుకుంది.

"ఇయ్యాల మీరు కదలకుండ్రి బావా, మీకు మంచిది కాదు. మీటింగుల ముత్యాలక్క గల్లీకే చెయ్యెత్తుత, అది నేను చూసుకుంట. పొయ్యి మీద చాయ్ మరుగుతున్నది, జర దించి వచ్చినోళ్లకు మీరే పోసియ్యిండ్రి."