ఫోనుకు తెలియని పాట

"నీ కూనిరాగం మండ! పాలన్నీ స్టవ్వు పాలైనయి," అని గట్టమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కోడల్ని తిట్టింది.

పద్మలత గుడ్డ అందుకుంది. నిజానికి పాలు పొంగింది ఆమె లోపలి గదిలో మొగుడు దిలీప్ బండి తాళంచెవి వెతికిపెడుతున్నప్పుడు. అయినా నేరం పాటదే. ఈ ఇంట్లో పప్పు మాడినా, పిల్లకు జలుబు చేసినా ఆ కూనిరాగమే కారణం. పనిచేసే బడిలోనూ ఆమె పాటకు చోటు లేదు. వార్షికోత్సవానికి పాటలు నేర్పేది సార్లు, పిల్లలకు జడలు వేసి ముగ్గులు పెట్టేది మేడమ్‌లు. ఒకసారి తాను నేర్పుతానంటే, "మీకు ఇంట్ల లేటవుతది మేడమ్," అని కరస్పాండెంట్ నవ్వి ఊరుకున్నాడు.

ఆ కూనిరాగం అసలు పాట ఆమెకు పుట్టినూరు గార్లలో దొరికింది. నాన్న భద్రయ్య మానుకోటలో ఎవరో వాడి అమ్మేసిన ఫోను కొనుక్కొచ్చాడు. అందులో మెమరీ కార్డు, కార్డులో మిగిలిపోయిన ఒకే ఒక్క ఇంగ్లిషు పాట. ఫైలుకు పేరు లేదు, అంకె మాత్రం ఉంది. గిటారు, డ్రమ్ములు, ఒక అమ్మాయి గొంతు. మొదట గొణుగుడులా ఉంటుంది. పోనుపోను గొంతు పెరిగి, చివర్లో జీరబోయేంత అరుపు. ఎనిమిదో తరగతి పద్మలత మిరప చేను ఒడ్డు మీద కూర్చుని వింటుంటే, కాయలేరే అంజమ్మ నడుం ఎత్తి, "గా పిల్ల పాడుతున్నదా, కొట్లాడుతున్నదా బిడ్డా?" అని అడిగింది. అందరూ నవ్వారు. పద్మలత నవ్వలేదు. ఆడపిల్ల అంత గట్టిగా అరిస్తే నోరు మూయించకుండా, దాన్ని పాట అని దాచుకునేవాళ్లు ఎక్కడో ఉన్నారన్నమాట! ఆ సంగతి తెలిసిన రోజు ఆమెకు అన్నం సహించలేదు. తర్వాత డిగ్రీలో స్నేహితురాలు శిరీష విని, "గిది ఇండీ రాక్ అంటరే. సినిమాది కాదు, పెద్ద కంపెనీది కాదు. దోస్తులు కలిసి ఏదో గదిల వాళ్లకు వాళ్లే కట్టుకున్న పాట," అని చెప్పింది.

పెళ్లయ్యాక ఆ కార్డును సూదులూ దారాల డబ్బాలో దాచింది. ఏనాడూ ఒక గుండీ కుట్టుకోని దిలీప్ ఆ డబ్బా తెరుస్తాడని అనుకోలేదు.

రేపు ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. గల్లీలో సౌండుబాక్సు బాధ్యత దిలీప్‌ది. బండి మీద వెళ్లినవాడు హుషారుగా తిరిగొచ్చాడు. "సూదుల డబ్బల ఒక కార్డు ఉత్తగ పడున్నది కదా, షాపుల ఇచ్చి పాతదంత కొట్టేపిచ్చి బతుకమ్మ పాటలు ఎక్కిపిచ్చిన. మీ ఆడోళ్ల కోసమే."

పద్మలత తుడిచే గుడ్డ వదిలేసి హాల్లోకి వచ్చింది. "అండ్ల నా పాట ఉండె."

"ఏం పాట? పేరు చెప్పు, యూట్యూబుల పెడత."

పేరెక్కడిది?

"పోనీ, ఫోన్ల పాడు. గిప్పుడు రాగం తీస్తే పాటను పట్టిస్తది," అని ఫోను ఆమె నోటి ముందు పెట్టాడు. అత్త చూస్తుండగా, మొగుడు నవ్వుతుండగా ఆమె గొంతు సవరించుకుని రాగం తీసింది. ఫోను కాసేపు వెతికి ఏదో భజన పాట చూపించింది. దిలీప్ పడీ పడీ నవ్వాడు. "ఫోనుకే తెల్వని పాట లేనట్టే లెక్క."

"పాట పోతే మనిషి పోయినట్టు గా మొఖమేంది?" అంది గట్టమ్మ.

పద్మలత వంటింట్లోకి పోయి, బతుకమ్మ కోసం తెచ్చిన గునుగు పూలు పక్కకు జరిపి, చాయ్‌కి మళ్లీ పాలు పెట్టింది. లోపలే పాటను మొదటినుంచీ అనుకుంది. గొణుగుడు గుర్తుంది. గొంతు పెరిగేదీ గుర్తుంది. చివరి అరుపు మాత్రం రావడం లేదు. ఎందుకు రాదో అప్పుడు తెలిసింది. ఈ ఇంట్లో ఆమె ఎన్నడూ అక్కడిదాకా పోలేదు. అరుపు వచ్చేలోపే ఎవరో ఒకరు పిలిచేవారు, ఆమె ఆపేసేది. కార్డును షాపువాడు ఇవాళ తుడిచాడు. తానైతే ఇన్నేళ్లుగా రోజూ కొంచెం కొంచెం తుడుస్తూనే వచ్చింది. ఇప్పుడు ఆ పాట మిగిలితే తన గొంతులోనే మిగలాలి. అక్కడా లేకపోతే తనకంటూ ఇంకేముంది?

భయంతోనే నోరు తెరిచింది. గొంతు పగిలింది. వచ్చింది పాటో ఏడుపో తెలియలేదు. మళ్లీ మొదలుపెట్టింది, ఇంకా గట్టిగా. గోడ అవతల ఎవరో టీవీ తగ్గించారు.

"ఏమైందే? పిచ్చి లేసిందా?" గట్టమ్మ పరుగున వచ్చింది.

"పద్మా! చాయేది?" హాల్లోంచి దిలీప్ కేక.

"పాట అయినంక!"

పాలు అంచుదాకా వచ్చాయి. పొంగితే తుడవాల్సింది తనే కదా. స్టవ్వు ఆర్పేసి, అరుపును మళ్లీ అందుకుంది.