నాలుగో అగ్గిపుల్ల

నా గొంతు పెద్దది. మాది షిల్లాంగ్. లాయిటుమ్‌ఖ్రాలో కాలేజీ గేటుకి ఎదురుగా నాకో టీకొట్టు ఉంది. "రెండు ప్లేట్లు జాదో అన్నం, పంది కూర ఎక్కువ" అని వంటింట్లోకి కేకేస్తే రోడ్డు అవతల పుస్తకాల షాపువాడు కూడా తలెత్తి చూస్తాడు. నోరున్నవాడిదే రాజ్యమని మా మామ వెక్కిరించేవాడు. ఆ నోరు చూసుకుని నేను ఇరవై ఏళ్లు మురిసిపోయాను. అదే నా కూతురి ప్రాణం మీదికి తెస్తుందని కలలో కూడా అనుకోలేదు.

వెట్ మ్యాచెస్ అని మా షిల్లాంగ్ బ్యాండు. మా ఊరి చెమ్మకి అగ్గిపెట్టెలో సగం పుల్లలు వెలగవు, ఆ పేరు అందుకే. నలుగురూ చర్చిలో పాడి పెరిగినవాళ్లే. ఆదివారం పొద్దున దేవుడికి పాడేవాళ్లు, సాయంత్రం మాకు. వాళ్ల పాటల్లో నాకు ప్రాణమైంది "నాలుగో అగ్గిపుల్ల". కరెంటు పోయిన ఇంట్లో ఒకడు అగ్గిపుల్లలు గీస్తుంటాడు, ఒక్కో చరణానికి ఒక్కోటి. చరణం చివర పుల్ల గీసిన చప్పుడొస్తుంది, వెంటనే వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. సరిగ్గా నాలుగు లెక్కలు. పుల్ల వెలగదు. డ్రమ్ము దభీమని పడి పాట మళ్లీ అందుకుంటుంది. మూడు పుల్లలు అలా పోయాక నాలుగోది వెలుగుతుంది. అప్పుడు గిటార్లు మోగే తీరుకి చచ్చినవాడు కూడా లేచి కూర్చుంటాడు.

తొంభై ఎనిమిదిలో కాలేజీ మైదానంలో ఆ పాట మొదటిసారి విన్నప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. మా నాన్న విలుకాడు. పందెంలో ఆయన బాణం గురికి తగిలినప్పుడల్లా "హోయ్ కియూ" అని అరవడం చిన్నప్పటి నుంచీ నా పని. పాటలో మొదటి నిశ్శబ్దం రాగానే తట్టుకోలేక అలవాటు కొద్దీ అదే కేక పెట్టాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రెండో నిశ్శబ్దానికి నాతో పాటు పదిమంది అరిచారు. మూడోదానికి మైదానమంతా అరిచింది. ఆ రోజు రికార్డు చేసి అమ్మిన క్యాసెట్టులో నా గొంతు ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి అదే ఆచారమైపోయింది. బ్యాండువాళ్లు లెక్కపెట్టుకోవడం కూడా మానేశారు. మా కేక విన్నాకే డ్రమ్మర్ కర్రలు దించేవాడు. పధ్నాలుగుసార్లు వాళ్లని చూశాను, పధ్నాలుగుసార్లూ ముందే నుంచుని అరిచాను. ఆ కేక మొదలెట్టింది నేనేనని చెబితే నమ్మింది ఇద్దరే. ఒకరు నా కూతురు దాఫీ. రెండోవాడు మా ఆయన, అతనూ ఆవలింత ఆపుకుంటూనే నమ్మాడు.

తర్వాత వాళ్లు విడిపోయారు. పన్నెండేళ్లకి మళ్లీ కలిసి పాడుతున్నారని గోడల మీద పోస్టర్లు పడ్డాయి. అక్టోబరులో ఒక శనివారం, మధ్యాహ్నం రెండింటికి, ఊరి చివర ఒక మైదానంలో. దాఫీకి అప్పటికి పదమూడు. వీపున కట్టుకుని తిప్పిన రోజుల నుంచీ దానికి ఆ పాటే జోలపాట. తీసుకెళ్లకపోతే అన్నం ముట్టనని కూర్చుంది. నిజం చెప్పాలంటే దానికంటే నాకే తొందరగా ఉంది.

మా అమ్మ, మా మాటలో మెయ్, వద్దంది. నాకు ఇద్దరు మగపిల్లలు, ఆఖరిది దాఫీ. మా అక్కకి పిల్లల్లేరు. మాలో ఇంటిపేరు తల్లి నుంచి వస్తుంది, ఇల్లు ఆఖరి కూతురికి పోతుంది. కొడుకులు ఎంతమంది ఉన్నా ఆడపిల్ల లేని ఇంటికి తాళం పడ్డట్టే. అమ్మ వక్క కత్తిరిస్తూ, తలెత్తకుండా అంది.

"నువ్వు పోతే నీ వెనక అదుంది. దాని వెనక ఎవరూ లేరు. గుర్తుపెట్టుకో."

"పాట వినడానికి వెళ్తున్నాం మెయ్, యుద్ధానికి కాదు," అని నవ్వేసి పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరాను.

గేటు దగ్గర గొడుగులు లాక్కున్నారు. లోపల ఎవరైనా ఎవరి కన్నైనా పొడుస్తారట. మా ఊళ్లో మనిషి దగ్గర గొడుగు లాక్కోవడమంటే కాళ్ల చెప్పులు లాక్కోవడమే. అక్కడ రెండు మాటలు గట్టిగా అన్నాను గానీ లోపల గిటారు సరిచేస్తున్న చప్పుడు వినిపించేసరికి గొడుగు వదిలేసి పరిగెత్తాను. మైదానం ఒక గుట్ట వాలులో ఉంది. పైనుంచి కిందికి గడ్డి, అడుగున స్టేజీ, దాని ముందు నడుమెత్తు ఇనుప కంచె. కంచె దగ్గర నాలుగైదు వరసల మీదికి వచ్చేలా టార్పాలిన్ కప్పారు. మాకు మూడో వరస దొరికింది.

పక్కన స్టార్‌వెల్ అని ఒక భారీ మనిషి, మాఫ్లాంగ్‌లో ఆలుగడ్డలు పండిస్తాడట. మర్యాదగా నాకో తమలపాకు, వక్క ఇచ్చి, ఈ "హోయ్ కియూ" కేక పుట్టింది తమ ఊరి కుర్రాళ్ల దగ్గరే తెలుసా అన్నాడు. దాఫీకి రోషం వచ్చింది. "మా అమ్మే మొదలెట్టింది. క్యాసెట్టులో ఉంది," అంది.

"అయితే గిటారు కనిపెట్టింది నేను," అన్నాడు స్టార్‌వెల్. ముగ్గురం నవ్వుకున్నాం.

మూడో పాటకి వాన మొదలైంది. మా వాన సంగతి తెలిసిందే, చినుకులతో కబురు పెట్టదు, ఒకేసారి దిగుతుంది. వానకి ఇంటికి పోయే అలవాటు మా ఊళ్లో ఎవరికీ లేదు. చేతిలో గొడుగులూ లేవు. వాలు మీదున్న జనం తల దాచుకోవడానికి టార్పాలిన్ వైపు దిగడం మొదలుపెట్టారు. గడ్డి బురదైంది. నడిచి దిగుతున్నవాళ్లు జారుతూ దిగారు. మాకు వెనక కొంచెం ఒత్తుకున్నట్టు తెలిసిందంతే. పాటల దగ్గర ఒత్తిడి మామూలేగదా అనుకున్నాను.

అయిదో పాటగా గాయకుడు కిర్మెన్ అగ్గిపెట్టె తీసి మైకు దగ్గర ఆడించాడు. ఊరంతా గొంతు కలిపింది. మొదటి పుల్ల గీశాడు. వాయిద్యాలు ఆగాయి. నేనూ దాఫీ ఒకరి మొహం ఒకరం చూసుకుని, పొట్టలో గాలి మొత్తం బయటికి వచ్చేలా అరిచాం. వేలమంది అరిచారు. డ్రమ్ము పడింది.

అరిచాక ఊపిరి తీసుకోబోయాను. తీసుకోవడానికి చోటు లేదు.

అందరి ఛాతీలూ ఒక్కసారి ఖాళీ అయ్యాయి, ఆ ఖాళీలోకి వెనకున్న బరువంతా వచ్చి కూర్చుంది. నా చేతులు నా పక్కలకి అతుక్కుపోయాయి. కాళ్ల కింద నేల ఉందో లేదో తెలియలేదు. దాఫీ నా ముందుంది, దాని వీపు నా రొమ్ముకి ఒత్తుకుపోయింది, దాని ముందు ఎవరిదో వెడల్పాటి వీపు. పిల్ల మెడ తిప్పాలని చూసింది, తిరగలేదు.

"మెయ్, నలిగిపోతున్నా," అంది. అంత సన్నటి గొంతు దానికి పుట్టిన రోజున కూడా లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలాగో ఒక మోచెయ్యి దాని పక్క నుంచి ముందుకి తోసి, దాని ఛాతీకీ ఆ వీపుకీ మధ్య అడ్డం పెట్టాను. ఎముక విరుగుతుందేమో అనిపించింది, విరిగితే విరగనీ అనుకున్నాను. చుట్టూ చేతులు ఎత్తగలిగినవాళ్లు ఎత్తి ఊపుతున్నారు, ఆపమని. కిర్మెన్ ఆ చేతులు చూసి మురిసిపోయాడు. తనూ చెయ్యెత్తి ఊపి, ఇంకా హుషారుగా పాడాడు. ఇరవై ఏళ్లుగా మేము అతనికి నేర్పింది అదే మరి. చేతులెత్తితే ఆనందం, అరిస్తే ఆనందం.

నాకు ఒకటే దారి కనిపించింది. రెండో పుల్ల దగ్గర అంతా ఆగుతుంది, అప్పుడు అరిస్తే వినిపిస్తుంది. ఉన్న కాస్త గాలీ దాచుకుని కాచుకున్నాను. పుల్ల గీశాడు. వాయిద్యాలు ఆగాయి. "ఆపండి" అని అరిచాను. అదే క్షణంలో మైదానం మొత్తం "హోయ్ కియూ" అంది. నా మాట నా చెవికే వినపడలేదు. నేను పుట్టించిన కేకే నా నోరు నొక్కేసింది. డ్రమ్ము పడింది, వెనక నుంచి ఇంకో విసురు వచ్చింది, దాఫీ తల నా భుజం మీద వాలిపోయింది.

దాని పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. నాకు అమ్మ మాట గుర్తొచ్చింది. దాని వెనక ఎవరూ లేరు. ఇంటి గురించో వంశం గురించో కాదు నా భయం. అది నా పిల్ల, నా చేతుల్లో ఉంది, నేను తెచ్చి ఇక్కడ పెట్టాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఇక మిగిలింది మూడో పుల్ల. ఆ పాట నాకు నా ఇంటి మెట్లలాగా తెలుసు. ముందు గిటారు ఒక్కటే మోగుతుంది, తర్వాత ఎనిమిది పాదాలు. నిమిషంన్నర. మెడ తిప్పగలిగినంత తిప్పి స్టార్‌వెల్ చెవిలో చెప్పాను.

"అన్నా, ఈసారి అరవొద్దు. పక్కవాళ్లకి చెప్పు."

"ఏంటి?"

"మనం అరవకపోతే డ్రమ్ము పడదు. డ్రమ్ము పడకపోతే పాట ఆగుతుంది. అరవొద్దని చెప్పు."

అతని మొహం ఎర్రగా ఉబ్బిపోయి ఉంది. ఒక్క క్షణం నన్ను చూసి, తల అటు తిప్పి ఎవరికో చెప్పాడు. నేను ఇటు చెప్పాను. అరవొద్దు, వెనక్కి చెప్పండి. గొణుగుడు నోటి నుంచి నోటికి పాకడం వినిపించింది. కొందరు వినలేదు. ఒకమ్మాయి ఏడుస్తోందే గానీ చెప్పడం లేదు. దాఫీ వీపు నా రొమ్ము మీద ఆడుతోందా లేదా అని చూసుకుంటున్నాను. ఒకసారి ఆడింది. తర్వాత చాలాసేపు ఆడలేదు. వాళ్లు అరిస్తే నా పిల్ల చచ్చిపోతుంది. ఇరవై ఏళ్ల అలవాటు, నిమిషంన్నరలో ఎవరు మానతారు?

మూడో పుల్ల గీశాడు.

కిర్మెన్ ఎప్పటిలాగే మైకు మా వైపు చాపాడు. ఒకటి. పైన వాలు మీది నుంచి పలచగా ఒక కేక వచ్చి వానలో పోయింది. రెండు. మా ముందువరసలు నోరు మెదపలేదు. మూడు. నాలుగు. డ్రమ్మర్ కర్రలు పైకెత్తి అలాగే ఉండిపోయాడు. అయిదు. కిర్మెన్ నవ్వు మొహం మీద ఆగిపోయింది. టార్పాలిన్ మీద వాన చప్పుడు వినిపించింది. ఆ రోజు మొదటిసారి అతను మా మొహాల్లోకి చూశాడు.

"పిల్ల చచ్చిపోతోంది. వెనక్కి జరపండి," అని అరిచాను. నాలో మిగిలిన గాలి అంతే.

అతను స్టేజీ అంచున మోకాళ్ల మీద కూలబడ్డాడు. మెడలో గిటారు తీసి పక్కన పడేశాడు. మళ్లీ మైకు అందుకున్నప్పుడు గొంతులో చర్చిలో పాట నేర్పేవాళ్ల నిదానం ఉంది. "పైన ఉన్నవాళ్లు వినండి. కింద మనుషులు నలిగిపోతున్నారు. ఎవరూ పరిగెత్తొద్దు. డ్రమ్ముకి ఒక్కో అడుగు వెనక్కి వెయ్యండి. మొదట ఆఖరి వరస."

డ్రమ్మర్ ఒక్కొక్క దెబ్బే కొట్టాడు. ఒకటి. రెండు. పాటలో పుట్టి పెరిగిన జనం కదా, తాళం తప్పకుండా ఎక్కారు. ఎనిమిదో దెబ్బకి నా పక్కటెముకల మీద బరువు వేలెడంత సడలింది. పన్నెండుకి నా కాళ్లు నేలని తాకాయి. దాఫీ నా చేతుల్లోంచి జారింది. స్టార్‌వెల్ ఆలుగడ్డల బస్తా ఎత్తినట్టు దాన్ని ఎత్తి కంచె అవతలికి అందించాడు. నేను కంచె ఎలా దాటానో నాకు తెలియదు.

స్టేజీ పక్కన తడి గడ్డిలో పడుకోబెట్టారు. ఛాతీ మీద చెయ్యి పెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఏమీ లేదు. నేను ప్రార్థన కూడా చెయ్యలేకపోయాను, లెక్క ఒక్కటే నడుస్తోంది. అయిదు. ఆరు. ఎవరో దాని గడ్డం ఎత్తి నోట్లో నోరు పెట్టి ఊదారు. ఎనిమిదికి దగ్గింది. తర్వాత నా మీదే కక్కుకుని, ఏడ్చింది. అంత మంచి చప్పుడు నేను ఏ పాటలోనూ వినలేదు.

ఆ రోజు ఎవరూ పోలేదు. పదకొండుమందికి ఎముకలు విరిగాయి, దాఫీకి రెండు పక్కటెముకలు, నాకు మోచెయ్యి. మా అమ్మ పిల్ల మంచం పక్కన కూర్చుని దాని ఛాతీకి చెవి ఆనించి వినేది, నేను గదిలోకి వస్తే జరిగి నాకూ చోటిచ్చేది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం బొగ్గుల కుంపటి దగ్గర వక్క వలుస్తున్నాను. దాఫీ పాత క్యాసెట్టు తెచ్చి పెట్టింది. ఏ పాటో మొదటి తీగకే తెలిసి ఆపేద్దామని లేచాను. అది నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ మెయ్. నాకూ భయమే," అంది.

పక్కన కూర్చున్నాను. అది నా అరచెయ్యి తీసుకుని తన వీపు మీద పెట్టుకుంది. మొదటి పుల్ల గీశారు. వాయిద్యాలు ఆగాయి. పెట్టెలోంచి పందొమ్మిదేళ్ల పిల్ల ఒకతె, లోకంలో భయమన్నదే తెలియనిది, "హోయ్ కియూ" అని అరిచింది. మేమిద్దరం అరవలేదు. నా చేతి కింద దాఫీ వీపు పైకి లేచింది, నిండుగా, మెల్లగా. డ్రమ్ము పడింది. తర్వాత ఏం పాడారో నేను వినలేదు. నా అరచెయ్యి కింద దాని ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.